అర సెంటీమీటరు

జెస్సీని లేవనివ్వకూడదు. అమలాపురం చేరేదాకా నాకున్న పని అదొక్కటే. కొబ్బరికాయలు తోలే చిన్న ట్రక్కు, వెనక తొట్టిలో పీచు పరుపు, పరుపు మీద వెల్లకిలా మా ఆడపడుచు, ఆమె తల దగ్గర ఇనుప అంచుకి వీపు ఆనించి కాళ్ళు ముడుచుకుని నేను. తల కింద దిండు వద్దంది. దిండు పెడితే మెడ వంగుతుందట. చలిగా ఉందని దుప్పటి నేనే కప్పాను. ఇంట్లో ఉతికి ఉన్నది తెల్లదొకటే. అది కప్పడం ఎంత తప్పో రాజోలు సెంటరు దాటాక గాని తెలియలేదు. టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూసి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి లేచి నిలబడ్డాడు. పాలక్యానుతో రోడ్డు దాటబోతున్న మనిషి ఆగిపోయి క్యాను కింద పెట్టి చేతులు జోడించాడు. నా మొహం చూసి ఉంటారు. నా మొహంలో ఉన్నది కోపం. దూరం నుంచి చూసేవాళ్ళకి అది ఏడుపులాగే కనిపిస్తుంది కాబోలు. గేదెల మంద అడ్డం వచ్చి బండి ఆగినప్పుడు ఒకావిడ దగ్గరకొచ్చి, తొట్టిలోకి చూడడానికి మనసొప్పక, ఎవరండీ పోయిందని డ్రైవరు భీమరాజుని అడిగింది.

"ఇంకా పోలేదండి. ఉద్యోగానికి ఎల్తన్నారు," అన్నాడు భీమరాజు.

దుప్పటి కింద జెస్సీ పొట్ట ఎగిరెగిరిపడింది. నవ్వకు, కదలకు అన్నాను. నవ్వితే ఎత్తు తగ్గుతుందా వదినా అంది కళ్ళు మూసుకునే. తగ్గుతుందో లేదో నాకూ తెలియదు. డిగ్రీలో జువాలజీ చదివాను కాబట్టి వెన్నుపూసల మధ్య మెత్తలుంటాయనీ, రాత్రంతా పడుకుంటే అవి నీరు పీల్చుకుని ఉబ్బుతాయనీ, పగలంతా నిలబడితే మనిషి బరువుకి అణుగుతాయనీ తెలుసు. నవ్వు గురించి ఏ పుస్తకంలోనూ లేదు. అగ్నిమాపక శాఖ వాళ్ళు అడిగిన ఎత్తుకి మా జెస్సీ పొద్దున్న లేవగానే సరిగ్గా సరిపోతుంది. సాయంత్రానికి అర సెంటీమీటరు తగ్గుతుంది. వంటింటి గుమ్మం మీద పెన్సిలు గీతలు పెట్టి పెట్టి చూశాం. కొలతలు అమలాపురం గ్రౌండులో. ఇంటి నుంచి అక్కడికి కూర్చుని వెళితే ఎంత పోతుందో, గతుకుల్లో ఎంత పోతుందో ఎవరు చెప్పగలరు. రాత పరీక్ష పాసైంది. వయసు ప్రకారం ఇదే ఆఖరుసారి. అందుకని ఈ పీచు పరుపు, ఈ ట్రక్కు, గతుకులు తక్కువని భీమరాజు ఎంచుకున్న ఈ గన్నవరం దారి, రోడ్డు పక్కవాళ్ళ దండాలు. పోలీసు ఉద్యోగాలకి వెళ్ళే కుర్రాళ్ళు చాలామంది ఇలాగే పడుకుని వెళతారట. ఎవరూ నవ్వరట. ఆడపిల్ల పడుకుంటే మాత్రం శవమే.

భీమరాజు మాటకి నాలిక కరుచుకున్న ఆవిడ, అయ్యో బంగారం, అనుకుంటూ పక్కకు తప్పుకుంది. ఆ అయ్యో నా చెవిలో నుంచి పోవడం లేదు. ఈ అయ్యోలు నాకు కొత్త కాదు. మా తాటాకిల్లు తగలబడిన ఆదివారం నాడు ఊరు ఊరంతా కాలువ గట్టు మీద నిలబడి అయ్యో అంది. సగం చేతులు ఫోన్లు పట్టుకుని పైకి లేచి ఉన్నాయి. ఆ తరవాత వాళ్ళే బియ్యం తెచ్చారు, చీరలు తెచ్చారు, స్టీలు సామాను తెచ్చారు. మంచివాళ్ళే, కాదనను. కాని ఈనాటికీ మా ఇంట్లో ప్రతి కంచం మీద ఇంకెవరిదో పేరు చెక్కి ఉంటుంది. నేను తినే కంచం మీద సత్యవేణి అని ఉంది. ఏ సత్యవేణో, ఏ పెళ్ళిలో చదివింపు వచ్చిందో తెలియదు. అన్నం తినేకొద్దీ మెతుకుల కింద నుంచి ఆ పేరు బయటపడుతుంది. ప్రతి పూటా తిని, కడిగి, కృతజ్ఞతగా ఉండాలి. కొత్త కంచాలు కొందామంటే అత్తయ్యగారు, ఎందుకమ్మా ఉన్నాయిగా, అంటారు. ఆ కంచాలన్నీ ఒకరోజు గోదాట్లో పడేస్తాను.

బండి కుదిపింది. "మెల్లగా భీమరాజూ," అన్నాను.

"ఆయ్, గుడ్లు తోలినట్టు తోల్తన్నానండి. ఆ గొయ్యి నా తప్పు కాదండి, గవర్నమెంటుది."

ఫోను మోగుతోంది. చూడకుండానే తెలుసు, మా ఆయన. కువైట్లో ఇంకా తెల్లారి ఉండదు. లేచి కూర్చుని, చీకట్లో, పక్క మంచాల మీద పడుకున్నవాళ్ళు లేస్తారని గొంతు తగ్గించి, వెళ్ళిపోయారా అని అడగడానికి చేస్తున్నారు. వెళ్ళొద్దని చెప్పడానికి చేస్తున్నారు. నేను తీయను. నిన్న తీశాను, మొన్న తీశాను. హేమంత్ గారు నెమ్మదైన మనిషి, చెల్లెలంటే ప్రాణం, ఏదైనా అడిగితే లేదనరు. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం గోడ. బ్యాంకు రాయించు సుగుణా, టీచరు రాయించు, అంటారు. అసలు పేరు నోటితో అనరు. 'ఆ ఉద్యోగం' అంటారు. ఆ ఉద్యోగం, ఆ రోజు, ఆ ఇల్లు. ఆయన మాటల్లో నిప్పు అనే మాట లేకుండా పోయింది. వంట అయిందా అని కూడా అడగరు, తిన్నారా అంటారు. నాకు జాలి వెయ్యాలి. వేస్తుంది కూడా, కాని దాని మీద వెంటనే కోపం వచ్చి కూర్చుంటుంది, ఎందుకంటే మావయ్యగారు లోపలికి వెళ్ళింది ఈయన పాస్‌పోర్టు కోసం.

ఆ పాస్‌పోర్టు ట్రంకుపెట్టెలో ఉంది, ట్రంకుపెట్టె మంచం కింద ఉంది, ఆ వారంలోనే ప్రయాణం. గుడిలో ఆరాధన జరుగుతుండగా ఎవరో పరుగెత్తుకొచ్చి చెప్పారు. మేమంతా వచ్చేసరికి పైకప్పు వెనక వైపు అంటుకుంది. దానం మావయ్యగారు ఎవరికీ చెప్పలేదు. గుడికి కట్టుకున్న తెల్ల పంచె పైకి ఎగ్గట్టి గుమ్మంలోకి వంగి వెళ్ళడం చూశాను, అంతే. ఫైరింజను వచ్చింది. వచ్చి, కాలువకి అవతలి గట్టు మీద ఆగిపోయింది, ఎందుకంటే మా వైపుకి ఉన్నది మనుషులు నడిచే వంతెన. పెద్ద వంతెన వస్తుందని నా పెళ్ళిచూపులనాడే చెప్పారు. గొట్టం ఒకదానికొకటి తగిలిస్తూ వంతెన మీదుగా ఈడ్చుకొస్తున్నారు. ఈలోగా వాళ్ళలో ఒకతను ముందే పరుగెత్తుకొచ్చి, లోపల ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు. గట్టు మీద అంతమంది ఉన్నారు. ఒకరు లేరన్నారు, ఒకరు ఉన్నారన్నారు, ఒకరు మేక ఉందన్నారు. జెస్సీ ఒక్కతే అతని చెయ్యి పట్టుకుని, మా నాన్న, కుడి పక్క గది, మంచం దగ్గర, అని చెప్పింది. ఆరడుగుల మనిషి. మా గుమ్మంలో దూరడానికి మోకాళ్ళ మీద పడ్డాడు. పాకుతూ వెళ్ళాడు, మావయ్యగారిని భుజాన వేసుకుని పాకినట్టే బయటికొచ్చాడు. చొక్కా లోపల పాస్‌పోర్టు ఉంది, కాలలేదు. మావయ్యగారు శుక్రవారం దాకా ఉన్నారు. మా ఆయన ఆ పాస్‌పోర్టు మీదే వెళ్ళారు. వెళ్ళకపోతే తండ్రి చేసింది వృథా అవుతుందని పాస్టరుగారు చెప్పారు, అందరూ చెప్పారు, నేనూ చెప్పాను. చెప్పినవాళ్ళందరి మీదా కోపం.

పాకుతూ వెళ్ళాడు. అది మర్చిపోలేను. పొగ పైన ఉంటుంది, పీల్చగలిగిన గాలి నేల మీద ఉంటుంది, కాలే ఇంట్లో ఎవడూ నిలబడడు. ఆరడుగులవాడైనా అయిదడుగులదైనా అక్కడ జానెడు ఎత్తులోనే బతకాలి. ఆ పని చేయడానికి మనిషిని నిలబెట్టి నెత్తి మీద కర్ర దించి అర సెంటీమీటరు దగ్గర ఔను కాదు చెబుతారు. నిచ్చెనలు పెద్దవి వదినా, గొట్టం బరువు, ఏదో ఒక గీత ఉండాలి కదా, అని జెస్సీయే వాళ్ళ తరఫున వాదిస్తుంది. ఉండనీ. ఆ గీత గీసినవాళ్ళెవరో ఒక్కసారి మా పాత గుమ్మంలో దూరి చూస్తే బాగుండేది. ఇప్పుడు ఆ గుమ్మమూ లేదు.

రెండేళ్ళ నుంచి ఈ పిల్ల చేయని పని లేదు. దింపు తీసేవాళ్ళ దగ్గర మోకు అడిగి తీసుకుని కొబ్బరిచెట్టు ఎక్కింది. కళ్ళకి గంతలు కట్టుకుని, ముక్కుకి తడి తువ్వాలు చుట్టుకుని, ఇల్లంతా గోడ పట్టుకుని పాకుతూ, నేను దాచిన బియ్యపు బస్తాని వెతికి ఈడ్చుకొచ్చేది. బస్తాకి చేతులూ కాళ్ళూ ఉండవు వదినా, మనిషి కావాలి అంది. మనిషంటే ఇంట్లో నేనున్నాను. కాలువ గట్టు మీద నన్ను భుజాన వేసుకుని పరుగెత్తింది, పొద్దున్నే, నా తల ఆమె వీపు మీద వేలాడుతుండగా నేను తలకిందులుగా ఊరిని చూశాను. రేవులో బట్టలుతికే దుర్గమ్మ నవ్వు ఆపుకోలేక, వదినా ఆడపడుచూ కొట్టుకోవడం చూసేం గానీ మోసుకోవడం ఇదే చూడ్డం అంది. మర్నాటి నుంచి ఆ మాట ఊరంతా తిరిగింది. తిరగనీ. నేను ఆ భుజం మీద ఉన్నప్పుడు ఒకటే ఆలోచించాను. ఇంత సన్నటి ఎముక మీద ఇంత బరువు ఎలా నిలుస్తోంది, నిలిచింది కదా, ఇంకేం కావాలి వీళ్ళకి.

గాలి మారింది, చల్లబడింది. కాలువని నది మీదుగా దాటించే అక్విడక్టు మీదికి వచ్చాం. కింద గోదారి పాయ వైనతేయ, పక్కన కాలువ, నీళ్ళ మీద నీళ్ళు. జెస్సీకి ఇదేమీ కనపడదు, ఆకాశం ఒకటే. గోదారి నిండుగా ఉందా అంది. లేదు, ఇసక మేటలు కనపడుతున్నాయి అన్నాను. కొంగలున్నాయా అంది. ఉన్నాయి, పడుకో అన్నాను. పడుకునే ఉన్నాను కదా అంది. మెడ ఎంత బిగబట్టిందో నరం కనపడుతోంది. చెయ్యి వేసి నిమరాలనిపించింది, నిమరలేదు. ఈ పిల్ల మీద కూడా కోపమే. ఎవరైనా పాముకాటుతో తండ్రి పోతే పాములు పట్టడం నేర్చుకుంటారా. నేనే కదా పుస్తకాలు తెప్పించింది, నేనే కదా వంట చేస్తూ ప్రశ్నలడిగింది, నూనె మంట మీద నీళ్ళెందుకు పొయ్యకూడదు, కరెంటు మంటకి ఏ సిలిండరు. అడుగుతున్నంతసేపూ మనసులో, తప్పు చెప్పవే, ఒక్కటి తప్పు చెప్పు, అనుకునేదాన్ని. ఒక్కటీ తప్పు చెప్పలేదు.

పొద్దున్న చాప మీద నుంచి లేవనివ్వకుండా మోసి బండి ఎక్కించాలి. తల వైపు నేను పట్టుకుంటాను, కాళ్ళ వైపు భీమరాజుని పిలుద్దామనుకున్నాను. అత్తయ్యగారు వచ్చి పట్టుకున్నారు. రాత పరీక్ష ఫలితం వచ్చిన రోజు నుంచి జెస్సీతో మాటలు లేవు. ఇల్లు కాలిన నాటి నుంచి వంటింట్లోకి అడుగు పెట్టరు, గ్యాసు పొయ్యి టక్కుమంటే వరండాలో ఉలిక్కిపడతారు. ఆవిడ చాప అంచు గుప్పిట్లోకి చుట్టుకుని ఎత్తారు. ఆ ఎత్తిన తీరు చూస్తే గుర్తొచ్చింది, మావయ్యగారిని వంతెన దాటించినప్పుడు కాళ్ళ వైపు పట్టుకున్నది కూడా ఆవిడే. ఎవరికీ వదల్లేదు. వాకిలి దాటి, మెట్లు దిగి, తొట్టిలో పరుపు మీదకి జార్చాక కూతురి పాదాల మీద దుప్పటి సర్ది అన్నారు.

"ఒకసారి ఇలా మోసేను. మళ్ళీ మోయించకు."

జెస్సీ పడుకునే, "ఆయ్ అమ్మా," అంది. అంతే. ఆ రెండు మాటల మధ్య నేనెక్కడ నిలబడాలో నాకు అర్థం కాలేదు. బండి కదిలింది.

అంబాజీపేట దగ్గర పడుతోంది. రోడ్డుకి ఇటూ అటూ కాయ ఒలిచాక మిగిలిన కొబ్బరి డొక్కల గుట్టలు, పీచు ఆరబెట్టిన గోధుమరంగు కళ్ళాలు. ఎక్కడో ఒకచోట పొగ ఎప్పుడూ ఉంటుంది ఇక్కడ, ఎవరూ తల తిప్పరు. జెస్సీ ముక్కుపుటాలు కదిలాయి.

"వదినా, డొక్కలు కాలుతున్నాయి."

ఎవరో కాల్చుకుంటున్నారు, ఇక్కడ మామూలే అన్నాను.

"కాల్చే వాసన కాదు. తడిపితే లోపల మగ్గుతున్న వాసన. భీమరాజు గారూ, ఆపండి ఒకసారి."

ఆపొద్దన్నాను. గ్రౌండు గేటు మూసే వేళ ఒకటుంది. ఆపొద్దని అన్నానే గాని నాకూ కనిపించింది. రోడ్డు పక్కనే ఒక కళ్ళం, మనిషెత్తు డొక్కల గుట్ట, పైన నీళ్ళు పోసి నల్లబడి ఉంది, అడుగు నుంచి దారంలాంటి పొగ. గుట్టకి చెయ్యి చాచినంత దూరంలో తాటాకు పాక, పాక చూరుకి చంటిపిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. కాపలా మనిషి ఖాళీ బకెట్టు బోర్లించి సైకిలు స్టాండు తీస్తున్నాడు. భీమరాజు బండి దానంతటదే ఆగినట్టు ఆపాడు. జెస్సీ మోచేతుల మీద లేవబోయింది.

"లేచేవంటే ఇక్కడే చంపేస్తాను," అన్నాను. ఆమె భుజాలు రెండూ పరుపుకి నొక్కి, నేనే దిగాను.

కాపలా మనిషి పేరు సూరయ్యట, మర్యాదగానే మాట్లాడాడు. రాత్రి నిప్పురవ్వ పడిందనీ, నలుగురూ కలిసి నీళ్ళు పోశారనీ, ఆరిపోయిందనీ, కూలీలు వచ్చాక గుట్ట తిరగేస్తామనీ చెప్పాడు. కింద పొగ వస్తోందన్నాను. తడికి ఆవిరండి అన్నాడు. అని, నాకు నమ్మకం కుదర్చడానికి, గుట్ట మీద అరచెయ్యి ఆనించాడు.

"చల్లగా ఉందండి. మీరూ చెయ్యెట్టి చూడండి."

ఆ అరచెయ్యి. శనివారం సాయంత్రం మా ఇంటి వెనక, పొయ్యిలోకని గోడవారన పేర్చిన డొక్కల మీద రవ్వ పడింది. ఇరుగుపొరుగు బిందెలతో పోశారు, మావయ్యగారు చివరగా అరచెయ్యి ఆనించి, చల్లారిపోయిందమ్మా, వెళ్ళి పడుకోండి, అన్నారు. ఈ నేల మీద అందరూ చేసేది అదే, పోస్తారు, చెయ్యి పెడతారు, వెళ్ళిపోతారు. పీచు పైన చల్లగా ఉంటుంది. నీళ్ళు పైపైనే జారిపోతాయి, లోపల అది పొద్దుటి దాకా ఓపిగ్గా కాలుతుంది, అందరూ గుడికి వెళ్ళేదాకా ఆగుతుంది. ఇది జెస్సీ పుస్తకాలు చదివితేగాని మాకు తెలియలేదు. కొబ్బరిలో పుట్టి కొబ్బరిలో పెరిగిన వాళ్ళం.

"చెయ్యి పెడితే తెలుస్తుందని ఎవరు చెప్పేరు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఎవరు చెప్పేరండీ మీకు? చెయ్యి పెడితే ఏం తెలుస్తుంది?"

సూరయ్య వెనక్కి జరిగాడు. నేను అడుగుతున్నది అతన్ని కాదని అతనికి తెలిసే అవకాశం లేదు. అప్పుడు ట్రక్కులో నుంచి, తెల్ల దుప్పటి కింద నుంచి, గట్టిగా, "వదినా, పైన ఇంక పొయ్యనివ్వకు, అడుగు నుంచి లాగించు, పాకలో వాళ్ళని ముందు బయటికి రమ్మను," అని వినపడింది. అప్పటిదాకా అందులో ఉన్నది శవమనుకున్నాడేమో, సూరయ్య చేతిలో సైకిలు వదిలేశాడు. అది పడిన చప్పుడుకి పాకలో చంటిపిల్ల లేచి ఏడ్చింది, తల్లి ఎత్తుకుని బయటికొచ్చింది. గాలి నా వీపు మీద ఉండేలా నిలబడమంది జెస్సీ, నిలబడ్డాను. డొక్కలు లాగే పొడుగాటి పళ్ళ దంతె ఒకటి పాకకి ఆనించి ఉంది. తీసుకుని గుట్ట అడుగున గుచ్చి లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. ఆదివారం కట్టుకునే చీర నాది, ఇవాళ మంచి రోజని కట్టుకున్నాను. మూడోసారి గుట్ట పక్క భాగం విరిగి పడింది, లోపల ఎర్రగా, నోరంత ఎర్రగా, అంతవరకూ గాలి లేక ఊరుకున్నది ఒక్కసారి బుస్సుమంది. సెగ మొహానికి కొట్టింది. భీమరాజు, ఓరి దీనెమ్మ, అని తొట్టిలో గోనె లాక్కుని పరుగెత్తుకొచ్చాడు. పాకకి దూరంగా లాగు, కుప్పగా వద్దు, పల్చగా పరిపించు, పరిచాక తడపమను, అని ఆకాశాన్ని చూస్తూ ఆ పిల్ల చెబుతూనే ఉంది, నేను లాగుతూనే ఉన్నాను, సూరయ్య బకెట్లు మోస్తూనే ఉన్నాడు. లాగినంతసేపూ తిడుతూనే ఉన్నానట. ఎవరిని తిట్టానో భీమరాజు తరవాత కూడా చెప్పలేదు. అన్నీ ఇనేనండి, మంచి తిట్లే అన్నాడు.

బండి ఎక్కాక చూశాను. జెస్సీ పరుపు అంచులు రెండూ రెండు పిడికిళ్ళతో పట్టుకుని ఉంది. కళ్ళ పక్కల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నాయి. పొగ వల్లనో ఏమో.

"నేను లేవలేదు వదినా."

లేస్తే కొట్టేదాన్ని అన్నాను.

"లేవాల్సింది కదా."

ఎడమ అరచెయ్యి మండుతోంది, చూసుకోలేదు. కొంగుకి చిన్న చిన్న కన్నాలు పడ్డాయి. అమలాపురం వచ్చేలోపు ఫోను ఇంకో రెండుసార్లు మోగి ఊరుకుంది.

గేటు ఇంకా మూయలేదు. లోపలికి చూశాక నాకు నవ్వు రావాల్సింది. వరస. గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎండలో, నిలబడ్డ ఆడపిల్లల వరస. రాత్రంతా చాప మీద పడుకోబెట్టాం, కదలకుండా మోశాం, శవాన్ని తోలినట్టు తోలుకొచ్చాం, వరసలో నిలబడాలని మాత్రం మాలో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. గుమ్మం మీద గీతలు పెట్టిన నాకు. గేటు దగ్గర కానిస్టేబులు అభ్యర్థులు మాత్రమే అన్నాడు, పరుపు లోపలికి రానివ్వనన్నాడు. జెస్సీ ఆ రోజులో మొదటిసారి రెండు కాళ్ళ మీద నిలబడి, నా వైపు చూసి, లోపలికి వెళ్ళింది. కంచె పట్టుకుని చూస్తున్నాను. వరస చివరకి వెళ్ళింది. ముందున్న అమ్మాయితో ఏదో అంది. సంచి కింద పెట్టింది. ఆ ఇసకలో, ఆ ఎండలో, వెల్లకిలా పడుకుంది.

పిల్లలు కొందరు నవ్వారు. కానిస్టేబులు వెళ్ళి, ఏటమ్మా ఇది, ఆసుపత్రా, అన్నాడు. నిలబడే ఉండాలని చెప్పలేదు కదండీ, అందట, పడుకునే, అండీ వదలకుండా. అతను తల గోక్కుని కాగితంలోకి చూశాడు, అందులో ఏమీ లేదు కాబోలు, వెళ్ళిపోయాడు. కాసేపటికి ముందున్న పొట్టి పిల్ల ఒకతి చుట్టూ చూసి చున్నీ పరుచుకుని పడుకుంది. తరవాత ఇంకొకతి. వరస జరిగినప్పుడల్లా లేవడం, రెండడుగులు వేయడం, మళ్ళీ పడుకోవడం. కంచె బయట మాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక తండ్రి తన కూతురి పేరు పెట్టి అరుస్తున్నాడు, శారోనూ, నువ్వూ పడుకోవే, పడుకో, అని. ఇంతమంది అర సెంటీమీటరుగాళ్ళు ఉన్నారా ఈ కోనసీమలో అనుకున్నాను. కోపం తగ్గలేదు, ఒక్కదాన్నే పడుతున్న కోపం కాకుండా పోయింది, అంతే.

కొలత కర్ర గుడారం కింద ఉంది, మాకు సగమే కనపడుతుంది. తప్పినవాళ్ళు ఈ గేటు గుండా బయటికొస్తారు, నెగ్గినవాళ్ళు అవతల పక్క పరుగు పందెం గీతల దగ్గరికి వెళతారు. గంట నుంచి చూస్తున్నాను కాబట్టి తెలుసు. జెస్సీ వంతు వచ్చింది. లేచింది, ఇసక దులుపుకుంది, గుడారంలోకి వెళ్ళింది. కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి, మడమలు దగ్గరగా. కర్ర దిగి ఉంటుంది. ఎవరో వంగి చూసి ఉంటారు. మడమలు కదల్లేదు. ఇంకోసారి కొలుస్తున్నారేమో. ఇంకోసారి. కంచె తీగ నా అరచేతిలో కాలిన చోట గుచ్చుకుంటోంది, వదిలితే ఏదో అవుతుందన్నట్టు పట్టుకునే ఉన్నాను. మడమలు తిరిగాయి.

ఈ గేటు వైపు రాలేదు.

ఫోను మోగింది. ఈసారి తీశాను. అయిపోయిందా సుగుణా, ఇంటికి వచ్చేస్తున్నారా, అన్నారు మా ఆయన. గొంతులో ఆశ దాచుకోవడం కూడా రాదు ఆయనకి. అవతల గీత దగ్గర జెండా కిందికి దిగింది, పిల్లలందరూ ఒక్కసారి కదిలారు, దుమ్ము లేచింది, దుమ్ములో మా పిల్ల నీలం చొక్కా ఒకసారి కనపడి మాయమైంది.

"లేదండీ. పరిగెడుతోంది."

ఫోను పెట్టేశారేమో అనుకున్నాను. పెట్టలేదు, ఊపిరి వినపడుతోంది. నా చీరంతా పొగ వాసన, అది ఫోనులో వెళ్ళదు, నేనూ చెప్పలేదు. ఎన్నో చుట్టు, అన్నారు.

"కనపడ్డం లేదు. చూసి చెప్తాను, పెట్టేయకండి," అన్నాను, ఇంకా కోపంగానే.